షెడ్డు మనకు ఫోన్ చేయాలంటే

మన ధర్మాబాద్, దేగ్లూర్ వైపు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఐదో దశ పురుగులకు కావాల్సింది 24–25 డిగ్రీలు, 70 శాతం తేమ. రాత్రి కరెంటు పోయి కూలర్, ఫాగర్ ఆగితే ఆ సంగతి తెల్లారాక తెలిసి ఏం లాభం? జనరేటర్ అప్పుడే వేయాలి. వాటిని నడిపే పీఎల్‌సీకి సిమ్ మోడెం కలిపితే వెంటనే ఎస్ఎంఎస్ వస్తుంది.

తంటా అంతా కలపడంలోనే. బాడ్ రేటు (ఎక్కువగా 9600), పారిటీ, స్టాప్ బిట్ రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా రెండూ మాట్లాడుకోవు. పీఎల్‌సీ స్టేషన్ నంబరు కూడా సరిపోవాలి. ఆర్ఎస్-485 లైనైతే ఏ, బీ తీగలు తారుమారయ్యాయేమో మార్చి చూడండి.

2జీ మోడెంలో జియో సిమ్ పనిచేయదు, జియోకు 2జీ లేదు కదా! రేకుల షెడ్డైతే యాంటెన్నా బయటికి తీయాలి. పీఎల్‌సీకి, మోడెంకు చిన్న బ్యాటరీ తప్పనిసరి అంటాం మేము. అది లేకుంటే కరెంటు పోయిన క్షణమే మోడెం మూగబోతుంది. కూలర్ ఆన్-ఆఫ్ మాత్రం పీఎల్‌సీయే చూసుకోవాలి, సిగ్నల్ మీద వదలొద్దు.

చాకీ పురుగులు షెడ్డులోకి రాకముందే మెయిన్ స్విచ్ దించి, మెసేజ్ వచ్చిందో లేదో చూడండి.