బస్సీ చెరువు దగ్గర తాబేలు

షామ్‌బర్గ్‌లో మా ఇంటి నుంచి కారులో పది నిమిషాలు వెళితే బస్సీ వుడ్స్. అడవి నడుమ పెద్ద చెరువు. వరదలు తగ్గించడానికి 1970ల్లో సాల్ట్ క్రీక్ వాగుకు అడ్డుకట్ట వేసి కట్టింది. అక్కడ మనవాళ్ళు రోహిణి కార్తె ఎండలకు విలవిల్లాడుతుంటే, ఇక్కడ అప్పుడే వేసవి మొదలవుతుంది.

ఈ జూన్ మొదటి ఆదివారం అమ్మను తీసుకెళ్ళాను. కెనడా బాతుల పిల్లలు పసుపు నూగు వదిలి బూడిద రంగుకు తిరుగుతున్నాయి. రెక్క మీద ఎర్ర మచ్చ ఉన్న నల్లపిట్ట ఒకటి, జమ్ము దుబ్బుల్లో దాని గూడు ఉందేమో, నా నెత్తి మీదకు రెండుసార్లు దూకింది. "దాని ఇంటి ముందు నిలబడితే ఊరుకుంటుందా?" అంది అమ్మ.

ఇంకాస్త ముందుకెళితే సైకిళ్ళు తిరిగే తారు బాట మీద తాబేలు. మెడ మీద పసుపు చారలు, డిప్ప అంచున ఎర్ర గీతలు. పెయింటెడ్ టర్టిల్. ఇలినాయ్ రాష్ట్ర సరీసృపం ఇదే. పోయినేడాది ఇలాంటిదే కనిపిస్తే, దారి తప్పిందనుకుని ఎత్తి చెరువులో వదిలాను. మంచిపని చేశానని ఇంటికొచ్చి చెప్పుకున్నాను కూడా.

ఈసారీ వంగబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆగరా. అది గుడ్లు పెట్టడానికి చోటు చూసుకుంటోంది. మన కోళ్ళు తిరిగేవి కాదూ ఇలాగే?"

అమ్మ చెప్పింది నిజమే. మే చివర్లో మొదలుపెట్టి జూన్ అంతా ఆడ తాబేళ్ళు ఎండ తగిలే మెత్తటి నేల కోసం చెరువు దాటి వస్తాయి. రోడ్డు మీద కనిపిస్తే, అది ఎటు వెళుతోందో అటువైపే దాటించాలి. తిరిగి నీళ్ళలో వేస్తే పాపం మళ్ళీ మొదటి నుంచి నడవాలి. నేను చేసిన మేలు అదీ!

సైకిళ్ళవాళ్ళకు చెయ్యి చూపిస్తూ అమ్మా నేనూ చెరోవైపు నిలబడ్డాం. అది గడ్డిలోకి వెళ్ళి, వెనక కాళ్ళతో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పేసింది. వెనక్కి చూడకుండా చెరువులోకి వెళ్ళిపోయింది. ఇక రాదు. రకూన్లు పసిగట్టి తవ్వుకుతినకపోతే రెండున్నర నెలలకు పిల్లలవుతాయి. ఆడా మగా అన్నది మట్టి వేడిని బట్టి ఉంటుంది. వేడెక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. చాలా పిల్లలు వెంటనే పైకి రావు. షికాగో చలికాలమంతా ఆ గుంటలోనే మంచు కింద గడిపి, వసంతంలో బయటకొస్తాయి.

"తల్లి లేకుండానా?" అంది అమ్మ. కాసేపు ఆ మట్టి వంకే చూసింది.

అమ్మ తిరుగు ప్రయాణం సెప్టెంబరులో. "ఏప్రిల్‌లో వచ్చి చూసి ఫోన్ చెయ్యి," అంది కారెక్కుతూ. గుర్తుగా పక్కనున్న ఓక్ చెట్టును ఫోటో తీసుకున్నాను.