ఇంటి కారుతో మైదానపు పందెము

చౌమహల్లా ప్యాలెస్‌ను చూడబోయినవారు అచ్చటి పాతకార్ల నడుమ పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ నొకదానిని చూచియుందురు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆర్డరు చేసిన బండి యది. ఆయన 1911లో మరణింపగా, ఏడవ నిజాము కాలమున నగరమునకు వచ్చినది. ఊరేగింపులకే గాని ఊరి పనులకు కదలిన కారు కాదు. ఆ ప్రాసాదమునకు కూతవేటు దూరమున, శాలిబండ సందులలో నిలిచియుండు ఆల్టోలు, స్విఫ్టులు, ఇంకను ఊపిరితోనున్న మారుతి 800లు పిల్లలను బడికిని, బియ్యపు బస్తాలను ఇంటికిని చేర్చుచుండును. ఈ రెండవ తెగ కార్లతోనే ఆడదగిన పందెమొకటి కలదు. దానిని ఆటోక్రాస్ అందురు. అది ఎట్టిదో, అందు చేరగోరువారు మొదట ఏమి చేయవలెనో చెప్పదలచితిమి.

పందెమనగానే మన ఊరివారికి మలక్‌పేట గుఱ్ఱములు తలపునకు వచ్చును. కార్ల పందెమన్నచో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ పోటీ గుర్తుకు వచ్చును. నగరవీధులనే ఇంచుమించు 2.8 కిలోమీటర్ల చుట్టుదారిగా కట్టి, విద్యుత్తుతో నడచు కార్లను ఆనాడు పరుగెత్తించిరి. ఫ్రాన్సుదేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. చూచి ఆనందించుటకు అది మంచి వేడుకయే. కాని ఆ కార్లు పోటీకొఱకే కట్టినవి. వానిని నడుపువారికి అదియే జీవనము.

ఆటోక్రాస్ సామాన్యుల ఆట. ఖాళీ మైదానమున నారింజరంగు ప్లాస్టిక్ శంకువులను, అనగా రోడ్డు మరమ్మతులవద్ద మనము చూచు కోసుటోపీలవంటి వానిని, వంకరటింకరగా నిలిపి దారి యేర్పఱతురు. సాధారణముగా ఒక మాఱు ఒక్క కారే బయలుదేరును. ప్రక్కనుండి త్రోసికొనివచ్చు కారు లేదు. పోటీ యంతయు గడియారముతోనే. ఒక పరుగు నిమిషమునకు అటునిటుగా ముగియును. ఒక్కొక్కరికి కొన్ని పరుగులిచ్చి, అందు మేలైన కాలమును లెక్కించుట వాడుక. శంకువును పడగొట్టినచో కాలమునకు దండుగ కలుపుదురు. అమెరికాలో 1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ నియమము ప్రకారము శంకువునకు రెండు సెకండ్లు. దారి తప్పినవాని పరుగు లెక్కకే రాదు. అమెరికాలో తారునేలమీద, ఇంగ్లండులో పచ్చికబయళ్లమీద, మన దేశమున మట్టినేలమీద కూడ ఈ పేరుతో పోటీలు జరుగును. మట్టిలో కారు జారుట యెక్కువ గనుక అచటి నేర్పు వేఱు. ఏ నేలమీద ఆడబోవుచున్నారో ముందే అడిగి తెలిసికొనుడు.

దక్షిణదేశమునకు ఈ సరదా క్రొత్తది కాదు. మద్రాసు చెంతనున్న షోలవరములో, రెండవ ప్రపంచయుద్ధము నాటి రన్‌వే మీద 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారు ఏండ్ల తరబడి పందెములు నడిపిరి. ఫియట్లు, అంబాసిడర్లు వంటి సంసారపక్షపు కార్లును అందు పాల్గొన్నవి.

ఇంత శ్రమపడి మైదానమునకు పోనేల, ఊరిలో రోడ్లు లేవా యని కుఱ్ఱవారు అడుగుదురు. పగటివేళ పత్తర్‌గట్టి దారిలో రెండవ గేరు దాటుటయే గగనము. రాత్రి దుకాణములు మూసిన తరువాత ఆ బిగువు సడలి, ఖాళీవీధి వారిని పిలుచును. ఊరిచుట్టు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉండనే యున్నది. కొందఱు తండ్రులు కారు తాళము దాచిపెట్టుదురు. తాళము దాచినంతలో మక్కువ చావదని మా అభిప్రాయము. దానికి తగిన చోటు చూపుట మేలు. ప్రభుత్వపు లిఖితపూర్వకమైన అనుమతి లేక బహిరంగస్థలమున పందెమాడుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను క్రింద నేరము. 2019 సవరణతో మొదటి తప్పునకు మూడు నెలలవఱకు జైలు, లేదా ఐదువేల రూపాయలవఱకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. తిరిగి చేసినచో ఏడాదివఱకు జైలు, పదివేలవఱకు జరిమానా.

చట్టముకంటె భయపడవలసిన లెక్క వేఱొకటి కలదు. మంచి టైర్లతో, పొడినేలమీద, గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు కారు గట్టిగా బ్రేకు పడిన తరువాత ఆగుటకు సుమారు 8 మీటర్లు పట్టును. వేగము 80 అయినచో ఆ దూరము రెండింతలు గాక నాలుగింతలై 31 మీటర్లు దాటును. ఇది బ్రేకు పడిన తరువాతి మాట. కన్ను చూచి కాలు కదలుటకు ఒక్క సెకండు పట్టినదనుకొన్నను, 40 వద్ద 11 మీటర్లు, 80 వద్ద 22 మీటర్లు గడచిపోవును. అన్నియు కలిపి మొదటిది 19 మీటర్లు, రెండవది 53 మీటర్ల పైచిలుకు. చార్మినారు ఒక్కొక్క ప్రక్క సుమారు 20 మీటర్లు. నెమ్మదిగా వచ్చువాడు ఆ ప్రక్క దాటకమునుపే ఆగును. దుడుకుగా వచ్చువానికి అట్టివి రెండున్నర కావలెను. నడుమ ఒక తోపుడుబండి అడ్డము వచ్చుటకు ఆ దూరము చాలదా?

మలుపులయందును ఇదే న్యాయము. టైరునకు నేలపై గల పట్టు ఒక మేరకే యుండును. 15 మీటర్ల వ్యాసార్ధముగల మలుపులో మామూలు కారు గంటకు 39 కిలోమీటర్లకు మించి పోజాలదు. మించినచో ముందుచక్రములు మాట వినక వెలుపలికి జారును. బ్రేకునకును, మలుపునకును ఆ పట్టునే పంచుకొనవలసియుండును. అందుచేత తిన్నని దారిలో బ్రేకు వేసి, వేగము తగ్గించి, తరువాత స్టీరింగు త్రిప్పి, మలుపు విడుచునప్పుడు మెల్లగా యాక్సిలరేటరు త్రొక్కుట అనుభవశాలుల పద్ధతి. క్రొత్తవాడు దీనికి సరిగా తలక్రిందులుగా చేయును. మైదానమున అతడు ఒక శంకువును పడవేసి బుద్ధి తెచ్చుకొనును. వీధిలో శంకువులుండవు, మనుష్యులుందురు.

కారునకు పెద్ద సింగారమక్కఱలేదు. క్రొత్త సైలెన్సరు, వెడల్పు చక్రములు మొదటనే కొనవలదు. మీ మెకానిక్కుచేత బ్రేకు పట్టీలు, బ్రేకు ఆయిలు, చక్రముల నట్లు, స్టీరింగు కీళ్లు చూపించుడు. బ్యాటరీ కదలకుండ బిగించియున్నదా చూడుడు. స్టెప్నీ, జాకీ, నీళ్లసీసా, డాష్‌బోర్డుమీది బొమ్మలు సమస్తమును దింపివేయుడు. కాలిక్రింది పట్టాను తప్పక తీయుడు. అది జరిగి పెడలు క్రింద చేరినచో ముప్పు. బంపరుకు కట్టిన నిమ్మకాయ మిరపకాయల దండ ఉన్నను నష్టము లేదు. టైరు ప్రక్కగోడపై సుద్దముక్కతో గీతలు గీసి, పరుగు ముగిసిన తరువాత చూడుడు. సుద్ద ఎంతవఱకు చెఱగినదో అంతవఱకు టైరు మలుపులో పొరలినది. మఱీ క్రిందికి చెఱగినచో గాలి కొంచెము పెంచవలెను. వేసవిలో నేల వేడెక్కి టైరులో గాలియొత్తిడి దానంతట పెరుగును గనుక పరుగు పరుగునకు కొలుచుకొనుట మంచిది.

పందెమునకు ముందు దారివెంట కాలినడకన తిరుగనిత్తురు. ఈ నడకను తేలికగా చూడరాదు. కారులో కూర్చున్నచో శంకువుల గుంపు ఒక అడవివలె కనబడును. నడచి జ్ఞాపకముంచుకొన్నవానికే దారి తోచును. నడుపునప్పుడు చూపు దాటుచున్న శంకువుపై గాక, తరువాతి మలుపుపై నుండవలెను. మొదటి పరుగు తాపీగా పోయి దారి తప్పకుండుటయే చాలును.

మన దేశమున ఈ పోటీలను గుర్తించు సంస్థ ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా. దాని గుర్తింపుగల పోటీలో పాల్గొనుటకు దాని లైసెన్సు కావలెను; హెల్మెట్టు, సీటుబెల్టు తప్పనిసరి. గుర్తింపు లేనివారు పిలిచిన పందెమునకు, ఎంత పేరున్నవారైనను, పోకుడు. మఱియొక మాట ఇంటిపెద్దలు వినవలెను. మామూలు కారు బీమా పాలసీలో పందెములకును, వేగపరీక్షలకును వాడినప్పుడు జరుగు నష్టము చేరదు. పాలసీలో వాడుక పరిమితులను చెప్పు పేరాను చదువుడు. కారుమీద బ్యాంకు అప్పున్నచో మఱింత యోచింపవలెను. పోటీ రుసుముకంటె టైర్ల అరుగుదలయే పెద్ద ఖర్చు. ఇంటిలో ఒక్కటే కారున్నచో దానిని ముందుగా లెక్కవేసికొనుడు.

మొదటి మాఱు కారు లేకయే పోవచ్చును. పడిన శంకువులను మఱల నిలుపుటకు, గీటుపెట్టెలో సరిగా నిలువనివానిని గుర్తించి చెప్పుటకు మనుష్యులు ఎప్పుడును కావలసియుందురు. ఎండలో ఒక దినము అట్లు నిలిచినవానికి ఎవరు ఎచట ఆలస్యముగా బ్రేకు వేయుచున్నారో, ఏ మలుపులో కాలము పోవుచున్నదో కన్నులకు కట్టినట్లు తెలియును. శివార్లలోని కార్టింగు ట్రాకులలో కొంత సాధన చేసినను మేలే. ఇక కారుతో పోయిననాడు, పందెము ముగిసిన వెంటనే ఇంజనును కాసేపు చల్లారనిచ్చి, చక్రముల నట్లు మఱల బిగించి, గాలిని మామూలు కొలతకు తెచ్చి, స్టెప్నీని, కాలిపట్టాను యథాస్థానమున పెట్టుకొని బయలుదేరవలెను. మఱునాటి ఉదయము పిల్లల బడికి ఆ కారే పోవలెను గదా!