బ్రేక్ సంగతి మీ పాదాన్నే అడగండి!

సెకండ్‌హ్యాండ్ కారు కొనాలంటే ఫ్రెండ్స్ నన్ను వెంటబెట్టుకెళ్తుంటారు. వాళ్లు పెయింటు, మ్యూజిక్ సిస్టమ్ చూస్తుంటే నేను ముందు బ్రేక్ తొక్కి చూస్తా. బండి కదలకముందే సగం జాతకం అక్కడే తెలిసిపోతుంది.

మనం తొక్కిన బలాన్ని మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా మోసుకెళ్లేది బ్రేక్ ఆయిలే. అది ఒత్తిడికి కుదించుకుపోదు. గాలి మాత్రం కుదించుకుపోతుంది. అందుకే పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే ముందు పైపుల్లో గాలి చేరిందేమో చూడాలి.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి, పెడల్‌ని ఒకే బలంతో తొక్కిపట్టండి. మెల్లగా కిందికి జారిపోతోందా? ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీళ్లు పోయాయి. ఆ బండిని షెడ్డు దాకా కూడా నడపొద్దు. మెకానిక్‌నే పిలిపించండి.

పెడల్ రాయిలా గట్టిగా ఉందా? అనుమానం బూస్టర్ మీదికి పోవాలి. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కండి. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టే. కదలకపోతే బూస్టర్‌నీ, దాని వ్యాక్యూమ్ పైపునీ చూపించాలి.

మామూలుగా బ్రేక్ వేసినా పాదం కింద వణుకు వస్తుంటే డిస్క్ మందంలో తేడా వచ్చి ఉండొచ్చు. సడన్ బ్రేక్ వేసినప్పుడు ఏబీఎస్ వల్ల టకటకా కొట్టుకోవడం వేరు. అది మామూలే, భయపడి కాలు తీయకండి.

ఇక ఇంటి దగ్గర బాగానే ఉండి, ఘాట్‌లో మోసం చేసే రకం ఒకటుంది. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. సుమారు 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోవచ్చు. తిరుమల కొండ దిగుతూ బ్రేక్ మీదే కాలు పెట్టి ఉంచితే ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆవిరి కూడా గాలిలాగే కుదించుకుపోతుంది. పెడల్ నేలకు అంటుకుంటుంది, బండి ఆగదు!

అందుకే ఘాట్ దిగేటప్పుడు చిన్న గేర్‌లో రండి. మాన్యువల్ చెప్పిన గడువుకి ఆయిల్ మార్పించండి. చాలా బండ్లకు అది రెండేళ్లు. టూర్ ప్లాన్‌లో హోటల్ బుకింగ్ కంటే ముందు ఈ పని రాసుకోండి.