ప్లేట్‌లెట్లు నిజంగానే తగ్గాయా?

వానలు మొదలైతే చాలు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుండి జ్వరంతో వచ్చేవారి చేతిలో ల్యాబు కాగితం ఒకటి ఉంటుంది. "సిస్టరమ్మా, ప్లేట్‌లెట్లు ముప్పై వేలే అంట" అని తల్లులు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. కొందరైతే పుస్తెలతాడు కుదువబెట్టి, హైదరాబాదుకు కారు కూడా మాట్లాడుకొని వస్తారు. అలాంటివారిలో కొందరికి మేము తిరిగి పరీక్ష చేయిస్తే లక్షన్నర దాటి ఉన్న సందర్భాలున్నాయి. రెండు గంటల్లో అంత పెరగవు కదా! తేడా రోగిలో కాదు, గొట్టంలో వచ్చింది.

ప్లేట్‌లెట్లు రక్తస్రావాన్ని ఆపే అతి చిన్న కణాలు. ఆరోగ్యవంతులకు ఒక మైక్రోలీటరు రక్తంలో 1,50,000 నుండి 4,50,000 వరకు ఉంటాయి. పరీక్షకు తీసిన రక్తం గడ్డకట్టకుండా ఊదారంగు మూత గొట్టంలో ఇ.డి.టి.ఎ. అనే మందు వేసి ఉంటుంది. సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఈ మందు తగిలాక ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఒంట్లో మాత్రం అలా జరగదు. యంత్రం కణం పరిమాణాన్ని చూసి లెక్కిస్తుంది. తడిసి ముద్దకట్టిన వడ్లను జల్లెడ రాళ్లతోపాటు పక్కకు నెట్టినట్లు, ఈ గుంపులను ప్లేట్‌లెట్లుగా లెక్కలోకి తీసుకోదు.

ఇంకో కారణం మా నర్సుల చేతిలోనే ఉంది, ఒప్పుకోవాలి. నరం దొరకక రక్తం మెల్లగా వచ్చినా, తీసిన వెంటనే గొట్టాన్ని ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తలక్రిందులు చేసి కలపకపోయినా చిన్న గడ్డలు కడతాయి. అప్పుడూ లెక్క తగ్గుతుంది.

అనుమానం వస్తే రక్తపు చుక్కను గాజు పలకపై పూసి మైక్రోస్కోపులో చూస్తారు. గుంపులు కనిపిస్తే నీలం మూత ఉన్న సిట్రేటు గొట్టంలో కొత్తగా రక్తం తీసి, ఆలస్యం చేయకుండా లెక్కిస్తారు. ఆ ద్రవం వలన రక్తం కొంత పలచబడుతుంది గనుక వచ్చిన సంఖ్యను 1.1తో హెచ్చిస్తారు. "స్లైడు చూశారా?" అని మీరు అడగవచ్చు, మేము తప్పుగా అనుకోము.

అయితే డెంగీలో ప్లేట్‌లెట్లు నిజంగానే పడిపోతాయి. కాబట్టి "మిషను తప్పులే" అని ఇంట్లో కూర్చోవద్దు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తం, నల్లటి విరేచనం, మగత, మూత్రం తగ్గడం వీటిలో ఏది కనిపించినా కాగితంలోని సంఖ్య ఎంతున్నా సరే, వెంటనే రండి. రక్తస్రావం లేనివారికి డెంగీలో సాధారణంగా 10,000 కన్నా తగ్గితేనే ప్లేట్‌లెట్లు ఎక్కించే ఆలోచన చేస్తారు.

ఒకసారి గొట్టంలో అతుక్కునే రక్తమని తేలినవారు ఆ సంగతి డాక్టరుగారిచేత చీటీపై వ్రాయించుకొని ఆరోగ్యశ్రీ కార్డుతోపాటు దాచుకోండి. ఆపరేషనుకైనా, కాన్పుకైనా ఏ ఆసుపత్రికి వెళ్లినా రక్తం తీయకముందే అది చూపించండి.