ధరల పట్టీలో కనిపించని ఖరీదు

వ్యక్తిగత కంప్యూటరు తొలి రోజులను తలచుకునేవారు తరచు ఒక మాట అంటారు: నాలుగు వందల డాలర్లకే యంత్రం సామాన్యుడి ఇంటికి వచ్చేసిందని. ఆ నాలుగు వందలకు ఏం వచ్చిందో చూడకుండా ఈ మాటను అంగీకరించడం కష్టం.

1975 జనవరిలో ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ అనే అమెరికన్ పత్రిక ముఖచిత్రంగా వెలువడిన ఆల్టెయిర్ 8800 ధర, విడిభాగాల రూపంలో కొంటే, 397 డాలర్లు. అందులోని ఇంటెల్ 8080 చిప్పు ఒక్కటే విడిగా 360 డాలర్లు. తయారీదారులు దాన్ని టోకున 75 డాలర్లకు తెచ్చుకోగలిగారు. చవకకు అదొక కారణం. రెండో కారణాన్ని అంతగా చెప్పుకోరు: భాగాలన్నీ అతికి యంత్రాన్ని నిలబెట్టే పని కొన్నవాడిదే. ఆ శ్రమకు ధరల పట్టీలో చోటు లేదు. అప్పటి అమెరికా కనీస వేతనం గంటకు 2.10 డాలర్లు, అంటే యంత్రం ధర దాదాపు 189 గంటల కూలి. ఇంతా చేస్తే కీబోర్డు లేదు, తెర లేదు. ముందు పలక మీది మీటలు నొక్కి ఆదేశాలివ్వాలి, వెలిగే దీపాలను బట్టి జవాబు గ్రహించాలి. మెమొరీ 256 బైట్లు. ఈనాటి యు.టి.ఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు కావాలి. ఆ లెక్కన ఈ పేరాలోని మొదటి వాక్యం కూడా అందులో పట్టదు.

రచయితలు ప్రత్యేకంగా గమనించవలసింది 1977లో వచ్చిన టి.ఆర్.ఎస్.-80ని. తెర, కీబోర్డు, క్యాసెట్ రికార్డరుతో సహా 599.95 డాలర్లు, మెమొరీ 4 కె. తెర మీద 16 వరుసలు, వరుసకు 64 అక్షరాలు. కాని అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలే! చిన్నక్షరాలు అసాధ్యమై కాదు. తెర మీది అక్షరాలను నిలిపే మెమొరీకి ఎనిమిది చిప్పులు కావలసిన చోట ఏడింటితో సరిపెట్టారు. ఒక్క చిప్పు ఖర్చు మిగిలింది, సగం వర్ణమాల పోయింది. కావలసినవారు పెట్టె విప్పి ఎనిమిదోదాన్ని తామే అతికించుకున్నారు. వారు ఆ సాయంత్రాలను ఆప్యాయంగా తలచుకోవడంలో తప్పేమీ లేదు. పొదుపు ఎవరిది, పని ఎవరిది అన్నది మాత్రం ఆ ఆప్యాయత కింద మరుగున పడుతుంది. (ఇంగ్లీషుకే ఇంత పిసినారితనమైతే, ఒత్తులూ గుణింతాలూ ఉన్న లిపుల ఊసు అక్కడ ఎవరెత్తుతారు?)

అదే ఏడాది వచ్చిన ఆపిల్ టూ 4 కె. మెమొరీతో 1298 డాలర్లు. దానిలోనూ పెద్దక్షరాలే. ఆ వరుస యంత్రాలకు చిన్నక్షరాలు పుట్టుకతో వచ్చింది 1983 నాటి ‘టూ-ఇ’ నుంచి. 1981లో ఐ.బి.ఎం. పి.సి. రెండు రకాల అక్షరాలతోనూ వచ్చింది, 16 కె. మెమొరీతో ప్రారంభ ధర 1565 డాలర్లు. తెరకూ, డిస్కు డ్రైవుకూ మళ్లీ వేరే డబ్బు.