గడ్డ కనిపిస్తున్నా ఆపరేషన్ ఎందుకు వద్దంటారు?

"గడ్డ చేతికి తగులుతూనే ఉంది కదా సిస్టర్, తీసిపారేస్తే పోదా?" కీమో వార్డులో నన్ను అందరూ అడిగేది ఇదే. అడిగేది చాలాసార్లు పేషెంటు కాదు, ఆమె భర్తో పెద్దకొడుకో. డాక్టరుగారు ఆపరేషన్ వద్దన్నారంటే ఇక చేతులెత్తేశారని వాళ్ల భయం.

రొమ్ము క్యాన్సర్ బయటపడేనాటికే ఎముకలకో కాలేయానికో ఊపిరితిత్తులకో పాకిందని స్కాన్‌లో తేలితే అది నాలుగో స్టేజి. రొమ్ము తీసేసినా వెన్నెముకలో దిగిన రోగం అక్కడే ఉంటుంది. అందుకే ముందు ఒళ్లంతటికీ పనిచేసే మందు మొదలుపెడతారు. అది హార్మోన్ మాత్రలా, కీమోనా, హెర్2 పాజిటివ్ రకానికిచ్చే ఇంజెక్షన్లా అన్నది బయాప్సీ రిపోర్టు చెబుతుంది.

ముంబై టాటా మెమోరియల్‌లో 2005 నుంచి 2013 వరకు ఇలాంటివాళ్లకు ఆపరేషన్‌తో ఆయుష్షు పెరుగుతుందా అని పరీక్షించి చూశారు. మొదట ఇచ్చిన మందులకు రోగం తగ్గుముఖం పట్టిన 350 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రొమ్ముకు, చంకలో గడ్డలకు ఆపరేషన్, తర్వాత రేడియేషన్. రెండో జట్టుకు అవేవీ లేవు. రెండేళ్లకు బతికున్నవాళ్లు ఆపరేషన్ జట్టులో నూటికి 41.9, రెండో జట్టులో 43. ఆపరేషన్ అయినవాళ్లకు రొమ్ము దగ్గర రోగం పెరగడం తగ్గింది. దూరాన ఉన్న గడ్డలు మాత్రం వాళ్లలోనే ముందుగా పెరిగాయి. మన ఆడవాళ్ల మీద జరిగిన పరీక్ష కాబట్టి నేను దీన్నే ముందు చెబుతాను. అప్పట్లో హెర్2 మందు అవసరమైనవాళ్లలో చాలామందికి అది అందలేదన్న మాటా దాచను. తర్వాత అమెరికాలో 256 మందితో చేసిన పరీక్షలో మూడేళ్లకు బతికున్నవాళ్లు ఆపరేషన్ జట్టులో 68.4, రెండో జట్టులో 67.9 శాతం. అక్కడా తేడా లేదు.

టర్కీలో చేసిన పరీక్షలో మాత్రం ఐదేళ్లకు బతికున్నవాళ్లు ఆపరేషన్ జట్టులో 41.6 శాతం, రెండో జట్టులో 24.4. ఫోన్లో అది చూపించే కొడుకులున్నారు. ఆ ఆపరేషన్ జట్టులో హార్మోన్ పాజిటివ్‌వాళ్లు ఎక్కువ, మొండిదైన ట్రిపుల్ నెగటివ్‌వాళ్లు తక్కువ. అంత తేడా ఆపరేషన్ వల్లే వచ్చిందని నేను ఒప్పుకోలేను.

అలాగని ఆపరేషన్ అక్కర్లేదని కాదు. గోదావరి జిల్లా నుంచి ఒకావిడ వచ్చేది. గడ్డ పగిలి పుండయింది. జాకెట్ లోపల పాత చీర ముక్కలు మడిచి పెట్టుకునేది, మధ్యాహ్నానికే అవి తడిసిపోయేవి. వాసనకు బస్సులో పక్కన ఎవరూ కూర్చోరని చెప్పి ఏడ్చేది. మెట్రోనిడజోల్ మాత్ర పొడిచేసి పుండు మీద చల్లి కట్టుకట్టేదాన్ని. మందులతో రోగం కొంత అణిగాక సర్జన్‌గారు ఆ రొమ్ము తీసేశారు. ఆయుష్షు పెరుగుతుందని ఆయన మాటివ్వలేదు, ఆవిడా అడగలేదు. ఆ నెలలోనే తమ్ముడి కూతురి పెళ్లికి వెళ్లి, వంటింటి పక్కన ఆడవాళ్ల మధ్య కూర్చుని పూలు కట్టింది.

ఆపరేషన్ చేయనన్నారని ఇంకో ఆసుపత్రికి పొలం తాకట్టు పెట్టి పరుగెత్తేముందు బయాప్సీ, స్కాన్ కాగితాలు పట్టుకెళ్లి మరో క్యాన్సర్ డాక్టరుకు చూపించండి. బయాప్సీలో తేలిన రకానికి మందేమిటో, అది ఆరోగ్యశ్రీలో వస్తుందో లేదో ముందు అడగండి.