ఏ కుండలోని పిడికెడు?

మీ వంటింట్లో పిడికెడు బియ్యం డబ్బా ఉన్నదా? పట్నాలలో ఈ అలవాటు తగ్గిపోయింది గాని, మన పల్లె సంఘాలలో స్త్రీలు దీనిని ఇంకా విడువలేదు. ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోనుండి గృహిణి ఒక పిడికెడు తీసి, ప్రభువు పేరట వేరుగా ఉంచుతుంది. ఆదివారం ఆ బియ్యం మందిరానికి వస్తుంది. మిజోరం క్రైస్తవులు 1910 నుండి ఇదే పని చేస్తూ ఉన్నారు. వారి భాషలో దాని పేరు ‘బుహ్‌ఫాయ్ థామ్’. ఆ పిడికెళ్లే నేడు ఏటా కోట్ల రూపాయలై, అక్కడి సువార్త పనికి ఆధారమవుతున్నవి.

ఇందులో గమనించవలసినది ఒకటున్నది. ఆ పిడికెడు బస్తాలోనిది కాదు, ఆ పూట తినబోయే అన్నంలోనిది. నాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది.

2009లో నేనొక గ్రామ సంఘంలో సేవ చేస్తున్నాను. కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తున్న రోజులవి. ఒక ఆదివారం ఆరాధన తరువాత అందరి బియ్యం ఒకే బస్తాలో పోస్తుండగా, మా సంఘ పెద్ద నవ్వుతూ, “అయ్యగారూ, ఈ బస్తా చూస్తే మనూళ్లో సన్నబియ్యం తినేవాడే లేడనుకోవాలి” అన్నాడు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి మా డబ్బా మూత తీశాను. అందులో ఉన్నవి కోటా బియ్యం. పొయ్యి మీద ఉడుకుతున్నవి సన్నబియ్యం.

“అవి మనం తినడం లేదు కదండీ, దోసెలకు పోగా మిగిలినవి వేస్తున్నాను” అన్నది నా భార్య. ఆమెను ఏమనగలను? చౌకదుకాణం నుండి ఆ సంచి మోసుకొచ్చి, వృథా చేయవద్దని చెప్పినది నేనే.

అరౌనా తన కళ్లమును, ఎడ్లను, కట్టెలను రాజైన దావీదుకు ఊరకనే ఇస్తానన్నాడు. ఆనాడు తెగులు ఆగవలెనని జనమంతా ఎదురుచూస్తున్నది. అంత తొందరలోనూ దావీదు, తనకు ఖర్చు కానిది దేవునికి అర్పించనని చెప్పి, 50 తులముల వెండి తూచి ఇచ్చాడు (2 సమూ. 24). ఆ భాగము మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో!

అదే బస్తాలో ఇంకొకరి కోటా బియ్యం కూడా ఉన్నవి. ఆమె కూలి పని చేసే విధవరాలు. బియ్యం మావీ ఆమెవీ ఒకే రకం, ఒకే దుకాణంలోనివి. అయితే ఆమె ఇంట్లో ఉడికేవి అవే. ఆ నెలలో జ్వరం వచ్చి రెండు వారాలు ఆమె పనికి పోలేదు. నేను జాలిపడి, “అమ్మా, నీవు కోలుకునేదాకా బియ్యం తేవద్దు” అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

“నాలుగు మెతుకులు తక్కువైతే చచ్చిపోను గాని అయ్యగారూ, నన్ను లెక్కలోంచి తీసెయ్యకండి” అన్నది.

మాసిదోనియ సంఘాలవారు నిరుపేదలై ఉండి కూడా, ఇచ్చే భాగ్యం తమకు కావాలని పౌలును బతిమాలుకున్నారు (2 కొరింథీ. 8). బీదలు ఇవ్వలేరని మనమే తీర్పు తీరుస్తాము. అలాగని వారి చేతిలోనిది తీసుకొని ఊరుకోవడమూ తగదు. రెండు కాసుల విధవరాలిని మెచ్చుకొనక ముందు, విధవరాండ్ర ఇండ్లు దిగమింగే శాస్త్రులను ప్రభువు గద్దించాడు (మార్కు 12). కానుకల ఆదివారం మా సేవకులలో అనేకులు ఆ ముందు మాట చదవరు.

ఆ సాయంత్రం సంఘపు బస్తాలోనుండి నాలుగు మానికలు ఆమె ఇంటికి పంపించాము. మరుసటి ఆదివారం అందులోనుండి ఒక పిడికెడు తిరిగి మందిరానికి వచ్చింది.

మా ఇంట్లో డబ్బా అటక మీదనుండి పొయ్యి పక్కకు మారింది. ఇప్పుడు కొలిచిన బియ్యంలోనుండే తీస్తున్నాము. నెలాఖరున సన్నబియ్యం అడుగంటినప్పుడు మాత్రం నా భార్య చెయ్యి ఆ డబ్బా మీద ఒక్క క్షణం ఆగుతుంది. నేను పేపరు చదువుతున్నవానివలె కూర్చుంటాను.